వడ్ల దగ్గరికి మిల్లు

మా అన్న కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, సూర్యాపేటలో సొంత సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడతానని వచ్చాడు. "చోటెక్కడైతే బాగుంటుంది బాబాయ్?" అని అడిగాడు. వాస్తు అడుగుతున్నాడేమోనని ముందు భయపడ్డాను. కాదని తెలిశాక బండెక్కించుకుని మిర్యాలగూడ తీసుకుపోయాను.

సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పెరిగిన మిల్లుల ఊరది. సర్కారు లెక్కన క్వింటాల్ వడ్లు ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలు. మిగిలింది ఊక, తవుడు, నూక. ఆ బరువంతా దూరం మోసుకుపోవడం దండగ కనుక మిల్లే వడ్ల దగ్గరికి వచ్చింది. సున్నపురాయి ఉన్న మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ అందుకే. జర్మనీ ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ 1909లో దీన్నే సిద్ధాంతం చేశాడు. మన షావుకార్లకు ఆ పుస్తకంతో పని పడలేదు.

కానీ ఇప్పుడు వడ్లు ఎక్కడ పండటంలేదు? అయినా వేరే జిల్లాల లారీలు కూడా ఇక్కడే బారులు తీరుతాయి. కారణం మిల్లుల మధ్య సందుల్లో కనబడుతుంది. వడ్ల పొట్టు తీసే రబ్బర్ రోల్ అరిగితే కొత్తది అమ్మే దుకాణం పక్కనే. మోటారు కాలితే మెకానిక్ అన్నం మధ్యలో లేచి వస్తాడు. హమాలీలు, బ్రోకర్లు, తవుడు కొనేవాళ్లు అందరూ ఇక్కడే. ఆపరేటర్‌కు ఒక ఓనరుతో పడకపోతే మర్నాడు ఇంకో మిల్లులో ఉంటాడు, ఇల్లు మారనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌కు వడ్లంటే పిల్లలే. కాకపోతే ఈ వడ్లకు కాళ్లున్నాయి. ఆదివారం సాయంత్రం కోదాడ బైపాస్‌లో బ్యాగులు తగిలించుకుని హైదరాబాద్ బస్సుల కోసం నిలబడ్డవాళ్లను చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి మిల్లు అక్కడే ఉంది, వడ్లే నడిచిపోతున్నాయి. సూర్యాపేటకు రైలు లేకపోయినా హైవే మీద బస్సులకు కొదవలేదు. అన్నీ టీకి ఆగేవే.

సూర్యాపేట పాత కలెక్టరేట్‌లో 2023 అక్టోబర్ 2న ఐటీ హబ్ తెరిచారు. కుర్చీలు, కరెంటు, ఇంటర్నెట్ సమకూర్చడం సర్కారుకు చేతనవును. మావాడి బెంగ వేరు. "మొదటి ఇద్దరు నా దోస్తులే, వస్తారు. వాళ్లలో ఒకడు మానేస్తే?" నాకు అవతలివైపు బెంగ కూడా వినబడింది: ఈ కంపెనీ మూతపడితే ఆ పిల్లగాడికి ఎదురుగా ఇంకో కంపెనీ లేదు, మళ్లీ బైపాస్‌కే పోవాలి. పెళ్లి సంబంధం చూసేవాళ్లు ముందు అడిగేదీ ఇదే.

తమిళనాడులో తెన్‌కాశి పక్క పల్లెలో జోహో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు పెట్టలేదా అంటారు. పెట్టింది, 2011లో. అప్పటికి ఆ కంపెనీకి పదిహేనేళ్లు, అమ్ముడుపోయే సరుకుంది, పిల్లలను తీసుకుని తనే తర్ఫీదిచ్చే బడి ఉంది. మావాడికి ఉన్నవి ఒక ల్యాప్‌టాప్, వాళ్లమ్మ చిట్టీ డబ్బులు. ఆ పోలిక వాడి ముందు ఎత్తకండి.

మిర్యాలగూడ పోయిన ఆ రోజు ఒక మిల్లులో కాటా దగ్గర నిలబడ్డాం. గుమస్తా కంప్యూటర్‌లో బరువు చూసి, చిట్టీ మీద రాసుకుని, మళ్లీ ఇంకో కంప్యూటర్‌లో కొడుతున్నాడు. మావాడు కాసేపు చూసి, "రెండుసార్లు ఎందుకన్నా?" అన్నాడు. "ఇది దానికి కలవదు తమ్మీ. చేసినోళ్లకు ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి రావాలంటరు. కోతల్ల ఎవ్వరొస్తరు?"

తిరిగొచ్చేటప్పుడు మావాడు సూర్యాపేట ఊసెత్తలేదు. నెల తర్వాత ఫోన్ చేసి మిర్యాలగూడలోనే గది దొరికిందన్నాడు. ఎక్కడంటే, మనం చూసిన రబ్బర్ రోల్ దుకాణం మీదేనట. ఫోన్‌లో వెనక నుంచి ఎవరో కాటా ఆగిపోయిందని కేకేస్తున్నారు. "మళ్లీ చేస్తా బాబాయ్" అని పెట్టేశాడు.