పేరు నిలిచిందా, బృందం నిలిచిందా? : తెలుగు కవిబృందాల, నాటక సమాజాల అస్తిత్వంపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

లండన్‌లో 1965లో రూపుదిద్దుకున్న రాక్ సంగీత బృందం పింక్ ఫ్లాయిడ్. దాని తొలి ప్రధాన గీతకర్త సిడ్ బారెట్ 1968లో బృందానికి దూరమయ్యాడు. తరువాతి కాలంలో రచనాభారాన్ని ఎక్కువగా మోసిన రోజర్ వాటర్స్ 1985లో బయటికి వచ్చి, తనతోపాటు ఆ పేరు కూడా విరమించాలని వాదించాడు. డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్ అందుకు అంగీకరించలేదు. వివాదం 1987లో రాజీతో ముగిసి, పేరు గిల్మోర్ పక్షానికి దక్కింది. అయితే ఆ పేరు సభ్యులలో ఎవరిదీ కాదు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్ల నుంచి బారెట్ కూర్చినది. పేరు పెట్టినవాడు ముందే వెళ్లిపోయాడు. పాటకు రూపునిచ్చినవాడు తరువాత వెళ్లాడు. పేరు మాత్రం సాగింది.

బృందం అస్తిత్వం పేరులో ఉందా, సభ్యులలో ఉందా అన్న ఈ ప్రశ్న తెలుగు సాహిత్యానికి పరాయిది కాదు. 15వ శతాబ్దికి చెందిన నంది మల్లయ, ఘంట సింగనల నుంచి జంటకవిత్వ సంప్రదాయం మనకుంది. కవిబృందాలున్నాయి. తరాలుగా సాగుతున్న నాటక సమాజాలున్నాయి. కర్తృత్వాన్ని నిర్ణయించేటప్పుడు ఈ ప్రశ్నను దాటి వెళ్లడం సాధ్యం కాదు. అయినా మన పరిశోధనలలో అది విడిగా చర్చకు వచ్చే సందర్భాలు తక్కువ. తిరుపతి వేంకట కవులు, దిగంబర కవులు, సురభి అనే మూడు ఉదాహరణల ఆధారంగా దీనిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నాగసేనుని రథం:

'మిళిందపన్హ'లో నాగసేనుడు రాజును రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏదీ కాదు. వీటన్నింటికీ వేరుగా రథమనేది ఉన్నదా? అదీ లేదు. ఈ భాగాల కూడికను ఆశ్రయించి ఏర్పడిన వ్యవహారనామమే రథం. బృందాల విషయంలోనూ ఈ తర్కం కొంతదూరం పనికివస్తుంది. సభ్యులలో ఏ ఒక్కరూ బృందం కారు, సభ్యులను పూర్తిగా తీసివేస్తే బృందం మిగలదు.

కానీ ఇరుసుకు ఇష్టాయిష్టాలు లేవు. చక్రం తన వాటా అడగదు. కవులూ నటులూ అలాంటివారు కారు. వారు ఒక పేరును ఎన్నుకుంటారు, మోస్తారు, వదిలేస్తారు, వారసులకు అప్పగిస్తారు. కాబట్టి పేరు ఉన్నదా లేదా అని మాత్రమే చూస్తే చాలదు. ఆ పేరుతో బృందం పాఠకునికి లేదా ప్రేక్షకునికి ఏమి వాగ్దానం చేసిందో చూడాలి. పై మూడు ఉదాహరణలలోనూ ఆ వాగ్దానం వేరువేరు.

3. సంతకంగా పేరు - తిరుపతి వేంకట కవులు:

దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) జంటగా శతావధానాలు చేశారు, కావ్యనాటకాలు రచించారు. వయసులో వేంకటశాస్త్రి పెద్ద అయినా సమాసంలో తిరుపతిశాస్త్రి పేరే ముందు నిలిచింది. విన్నవెంటనే తిరుమల వేంకటేశ్వరుడు స్ఫురించేంత సహజంగా రెండు పేర్లూ ఒక్కటై కుదిరాయి. ఈ పేరు రచనలో ఎవరి భాగం ఎంతో చెప్పదు. పంపకాన్ని నిరాకరించడమే దాని స్వభావం.

1920లో తిరుపతిశాస్త్రి మరణించారు. ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించిన వేంకటశాస్త్రి తాను ఒంటరిగా చేసిన రచనలను కూడా జంటపేరుతోనే వెలువరించారు. సభ్యులే బృందమని భావించేవారికి ఇది చరిత్రకు విరుద్ధంగా తోస్తుంది. 1920 తరువాతి పద్యానికి తిరుపతిశాస్త్రి కర్త కాజాలరు కదా అన్నది వారి ఆక్షేపణ. వాస్తవంగా ఆ ఆక్షేపణ సరైనదే. అయితే అది సంతకానికున్న అర్థాన్ని కుదిస్తుంది. తన పద్యశిల్పం ఇద్దరి సాధనలో రూపొందినదని, దానిని విడదీసి తన ఒక్కని పేరున రాసుకోలేనని ఆ సంతకం తెలుపుతున్నది. మిత్రధర్మమే ఇక్కడ కర్తృత్వభావన అయింది.

ఇందుకు అనుబంధంగా రెండు విషయాలు గమనించాలి. మొదటిది, జ్ఞాపకాల సంపుటి 'కథలు-గాథలు' చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పేరుతోనే ప్రసిద్ధం. జ్ఞాపకం చెప్పుకునే గొంతు ఒక్కరిదే కాగలదు. రెండవది, వేంకటశాస్త్రి శిష్యులైన పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు జంటగా 'సౌందరనందము' రచించి పింగళి-కాటూరి కవులుగా నిలిచారు. జంటకవిత్వ పద్ధతి గురువు నుంచి శిష్యులకు అందింది, పేరు అందలేదు. సంతకాన్ని బతికి ఉన్న భాగస్వామి కొనసాగించగలడు, వారసత్వంగా ఇవ్వలేడు.

4. ప్రకటనగా పేరు - దిగంబర కవులు:

1965, 1966, 1968 సంవత్సరాలలో మూడు సంపుటాలు వెలువరించిన దిగంబర కవులు ఆరుగురు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఇవన్నీ వారు స్వయంగా ధరించిన పేర్లు. భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు. కులాన్ని సూచించే పేరును విడిచిపెట్టడం బృందంలో ప్రవేశానికి తొలి మెట్టు. తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికునిచేత ఆవిష్కరింపజేయడం కూడా ఆ ప్రకటనలో భాగమే.

1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందులో చేరారు. భైరవయ్య, మహాస్వప్న చేరలేదు. నాలుగో సంపుటి రాలేదు. ఆరుగురిలో నలుగురు ఒకే వేదికపై ఉండి కూడా దిగంబర నామాన్ని కొనసాగించలేదు. సభ్యుల సంఖ్య ప్రకారం చూస్తే పేరుపై హక్కు ఆ నలుగురికీ ఉన్నదనవచ్చు. కానీ ఆ పేరు ఒక ఘట్టానికి చెందిన ధిక్కార ప్రకటన. ప్రకటించవలసింది మారినప్పుడు పేరును ముగించడమే నిజాయితీ. దీనిని ఉద్యమ వైఫల్యంగా చూడడంకన్నా పేరుపట్ల చూపిన విశ్వాసంగా గ్రహించడం సమంజసం.

ఇక్కడే విమర్శకులు జాగ్రత్తపడవలసిన అంశమొకటి ఉంది. దిగంబర కవిత్వాన్ని విరసానికి పూర్వరంగంగా మాత్రమే వివరించినప్పుడు, నలుగురి తరువాతి ప్రయాణం ఆరుగురి చరిత్ర అయిపోతుంది. భైరవయ్య, మహాస్వప్నల కవిత్వం వివరణకు అందని శేషంగా మిగులుతుంది. పేరు ముగిసినా, ఆ పేరు కింద రాసిన ప్రతి సభ్యునికీ చరిత్రలో సమాన భాగం ఉండాలి.

5. ఇంటిపేరుగా పేరు - సురభి:

1885లో నాటి కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాయకత్వాన 'కీచకవధ' ప్రదర్శనతో మొదలైన నాటక సంప్రదాయం నేటికీ సాగుతున్నది. తోలుబొమ్మలాట ఆడిన మరాఠీ మూలాల కుటుంబాలు రంగస్థలానికి వచ్చాయి. ఆ కుటుంబాలు పెరిగి, సమాజం అనేక సమాజాలుగా చీలింది. ఒక్కొక్కదానికి వేరే పేరు ఉన్నా అన్నింటినీ లోకం సురభిగానే గుర్తించింది. తొలితరం సభ్యులెవరూ నేడు లేరు. ఉన్న పేరు కూడా మనిషిది కాదు, ఊరిది. అయినా ఇది సురభి కాదని ఎవరూ అనలేదు. తెరలు, మాయాదృశ్యాలు, నాటకాల పట్టిక, బాల్యం నుంచే రంగస్థలంపై పెరిగే పిల్లలు: ఇవన్నీ ఆ నామాన్ని మోస్తున్నాయి.

ఇక్కడ మన ప్రశ్న తలకిందులవుతుంది. సభ్యుల వలన బృందానికి గుర్తింపు రావడంతోపాటు, బృందం వలన సభ్యులకు పేరు వచ్చింది. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి కమలాబాయి అయింది. 2013లో పద్మశ్రీ అందుకున్న రేకందార్ నాగేశ్వరరావు లోకానికి సురభి బాబ్జీ. సమాజం పేరు ఇంటిపేరుగా మారింది. ఇంటిపేరుకు సభ్యుల మార్పు అడ్డంకి కాదు, అదే దాని కొనసాగింపుకు మార్గం.

అయితే ఇంటిపేరు నీడ కూడా పెద్దదే. స్త్రీపాత్రలను పురుషులే ధరించే రోజులలో స్త్రీలను రంగస్థలంపై నిలిపిన ఘనత సురభిది. కానీ ఆ ఘనతను సమాజానికి ఇచ్చి ఊరుకుంటే, దానిని సాధించిన నటీమణులు అనామకులుగా మిగులుతారు.

6. ముగింపు:

పై పరిశీలన వలన తేలే అంశాలు ఇవి. బృందం అస్తిత్వం పేరులో మాత్రమే లేదు, సభ్యులలో మాత్రమే లేదు. ఆ పేరు చేసిన వాగ్దానాన్ని నెరవేర్చగలవారు ఉన్నంతకాలం బృందం ఉంటుంది. పేరు సంతకమైనప్పుడు చివరి భాగస్వామి వరకు, ప్రకటన అయినప్పుడు దాని సందర్భం వరకు, ఇంటిపేరు అయినప్పుడు వారసులు ఉన్నంతవరకు అది చెల్లుతుంది. పింక్ ఫ్లాయిడ్ వివాదం కూడా ఒకరు ప్రకటనగా భావించిన పేరును మరొకరు ఇంటిపేరుగా భావించడం వలన తలెత్తినదే.

పరిశోధకుల ఆచరణకు దీనివలన కలిగే ప్రయోజనం స్పష్టం. తిరుపతి వేంకట కవుల రచనలను పట్టికలో చేర్చేటప్పుడు జంటపేరును మార్చకుండా, 1920కి ముందు వెనుకలను తప్పక సూచించాలి. దిగంబర కవులను చర్చించేటప్పుడు ఆరుగురినీ చదవాలి. సురభిని గురించి రాసేటప్పుడు, లభించినంతవరకు ఏ పాత్రను ఎవరు ధరించారో పేరుపేరునా నమోదు చేయాలి. బృందనామాన్ని గౌరవించడమంటే దాని వెనుక ఉన్న మనుషులను లెక్కలోకి తీసుకోవడమే.