లిఫ్టు దగ్గర ఆగిన రక్తం

మా ల్యాబు చూడ్డానికి వచ్చేవాళ్లు నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గరికే వెళ్తారు. ఫొటోలు కూడా దాని పక్కనే దిగుతారు. నన్నడిగితే మూలనున్న ఐస్ బకెట్‌ని చూడమంటాను. ఫలితం నిజమా కాదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

సిరలోంచి ట్యూబులోకి వచ్చాక కూడా రక్తం తన పని మానదు. ఎర్రకణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది, ఆ మేరకు లాక్టేటు పెరుగుతుంది. వందల పదార్థాలను ఒకేసారి కొలిచే మాకు ఇదో పెద్ద తలనొప్పి. ట్యూబు తెచ్చే కుర్రాడు లిఫ్టు కోసం నిలబడ్డ సమయం కూడా గ్రాఫులో జబ్బులా కనిపించగలదు. బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ అది అడ్డుకునేది ఎనొలేజ్ అనే ఎంజైమును. దానికి ముందున్న మెట్లు ఇంకాసేపు నడుస్తూనే ఉంటాయి. గ్లూకోజు ఖర్చు నిలవడానికి గంటకు పైనే పడుతుంది. పోనీ సిట్రేటు ట్యూబు వాడదామా అంటే, ఆ రక్తంలో సిట్రేటు ఎంతుందో కొలిచే ఆశ వదులుకోవాలి.

అందుకే మేం ఊదామూత ఈడీటీఏ ట్యూబు తీసుకుంటాం. వెంటనే ఐసులో పెట్టి, ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. పైన తేలే ప్లాస్మా గడ్డిరంగులో ఉండాలి. గులాబీ రంగు తిరిగితే ఎర్రకణాలు పగిలాయన్నమాట. ఎంత అరుదైన రోగిదైనా సరే, దాన్ని నేను పక్కన పెట్టేస్తాను. మంచి ప్లాస్మాలో చల్లటి మిథనాల్ పోయగానే పాలు విరిగినట్టు ప్రోటీన్లు తెల్లగా విరుగుతాయి. ఎంజైముల ఆట అక్కడితో కట్టు.

కండరంతో అయితే నిమిషాలు కాదు, క్షణాలు లెక్క. కోసిన వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పడాలి. కండరం ఎంత తొందరగా మారిపోతుందో చూపినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. పిల్లి కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం ఉండాల్సినంత వేగంగా రాలేదు. రసాయనాల లోపమని తోసిపుచ్చకుండా వెంటపడితే బయటపడింది ఫాస్ఫోక్రియాటిన్. అది ఆమ్లంలో ఇట్టే విడిపోయే పదార్థం. అప్పటిదాకా కండరంలో విడి ఫాస్ఫేటు అని లెక్కగట్టినదాంట్లో చాలా భాగం ఇదేనని 1927లో తేలింది. అంటే కొలత అంతకుముందూ ఉంది, కానీ కొలిచే క్రమంలోనే అసలు పదార్థం విరిగిపోతూ వచ్చింది.

ఇప్పటి పేపర్లలో నమూనా తీసి సిద్ధం చేసే ఈ ఘట్టమంతా ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: నమూనాలను మామూలు పద్ధతిలో సిద్ధం చేశాం. యంత్రం మోడల్ నంబరు మాత్రం పూర్తిగా ఉంటుంది. సమీక్షకు వచ్చిన పేపరు చేతిలో పడితే నేను ముందుగా రాసే ప్రశ్న ఒకటే: రక్తం తీశాక ఎన్ని నిమిషాలకు తిప్పారు? చాలామంది దీనికి జవాబు రాయరు, నమూనాను ఐసులో ఉంచామని మాత్రం రాస్తారు.