సీలు మీద ఎవరి గుర్తు?

ఈ వారం కారు సర్వీసింగుకి ఇస్తే బిల్లులో కొత్త వరుస ఒకటి కనిపించింది: ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఉచితం. ఏం మార్చారని కౌంటర్లో ఉన్న అబ్బాయిని అడిగాను. "కంపెనీ నుంచి ఫైల్ వస్తుంది సార్, మేం ఎక్కిస్తాం. లోపల ఏముందో మాకూ తెలీదు" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, ఉన్నదే చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ నా పేరున రిజిస్టరైన బండిలో ఏదో మారింది. మార్చిన మనిషికీ అదేమిటో తెలియదు, వాయిదాలు కట్టిన నాకూ తెలియదు. అదే ఇంటికొచ్చినా మనసులో మెదులుతూ ఉండిపోయింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాట తెలుసు. మూత విప్పి చూడలేని వస్తువు పూర్తిగా మనది కాదు. మిక్సీ గురించి రాసినా, జిగురుతో అతికించేసిన ఫోన్ బ్యాటరీ గురించి రాసినా చివరికి అక్కడికే వచ్చాను. ఈసారి ఆ మూత విప్పి చూపించినవాళ్ల గురించి రాయాలనుంది.

1992-95 మధ్య అమెరికాలో అమ్ముడైన హోండా సివిక్‌లతో ఈ కథ మొదలుపెట్టవచ్చు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ముందు సీటు ప్రయాణికుడి కాళ్ల దగ్గర ఒక రేకు డబ్బాలో ఉండేది. ఔత్సాహికులకి బాగా ఇష్టమైన డబ్బా పేరు పీ28. దాని మూత విప్పితే బోర్డు మీద 28 కాళ్ల మెమరీ చిప్ పట్టే జాగా ఖాళీగా కనిపించేది. ప్రోగ్రాం అంతా ఓకీ కంపెనీ ప్రాసెసర్ లోపలే ఉంది, కాబట్టి ఫ్యాక్టరీకి ఆ జాగాతో పనిలేకపోయింది. కుర్రాళ్లు అక్కడ ఒక సాకెట్, పక్కన చిన్న లాచ్ చిప్, ఒక జంపర్ టంకం వేశారు. ఇక ప్రాసెసర్ తన కడుపులోని ప్రోగ్రాం వదిలేసి బయటి చిప్‌లో ఉన్నది చదవడం మొదలుపెట్టేది. ఆ చిప్ మొత్తం 32 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటో దానికి వంద రెట్లు ఉంటుంది.

ఆ 32 కిలోబైట్లని అర్థం చేసుకోవడంలోనే అసలు విద్య ఉంది. అంకెలన్నీ గ్రాఫుగా గీస్తే చాలాచోట్ల చెత్తలా ఉంటుంది. ఒకచోట మాత్రం నున్నటి కొండవాలు కనిపిస్తుంది. ఒక పక్క ఇంజిన్ వేగం, ఇంకో పక్క మానిఫోల్డ్‌లో గాలి పీడనం. ఆ రెండూ కలిసేచోట ఎంత పెట్రోలు చిమ్మాలో, ఎన్ని డిగ్రీల ముందు నిప్పు రాజేయాలో చెప్పే పట్టిక అది. ఇంజిన్ ఇంతకుమించి తిరగకూడదన్న హద్దుని వెతికిన తీరు నాకు మరీ ఇష్టం. 7200 కోసం ఫైలంతా గాలిస్తే ఎక్కడా దొరకదు. ప్రాసెసర్‌కి చుట్ల లెక్క తెలియదు, క్రాంక్ నుంచి వచ్చే రెండు సంకేతాల మధ్య పట్టిన కాలమే తెలుసు. కాబట్టి ఆ హద్దు కాలంగా రాసి ఉంటుంది. ఇది పట్టుకోవాలంటే కోడ్ చదవడం వస్తే చాలదు, ఆ ప్రాసెసర్ కూర్చున్న చోట కూర్చుని ఇంజిన్‌ని చూడగలగాలి.

జర్మనీ వైపు చదువు ఇంకా లోతు. ఆడీ, ఫోక్స్‌వాగన్ 1.8 టర్బో ఇంజిన్లకి బాష్ వాళ్ల ఎంఈ7 కంప్యూటర్ ఉండేది. మన దగ్గర 2004లో వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఉన్నదీ ఆ కుటుంబం ఇంజినే. ఈ కంప్యూటర్ లెక్కలన్నీ వివరించే జర్మన్ పత్రం ఒకటి ఉంది, ఫుంక్‌సియోన్స్‌రామెన్ అంటారు. కంపెనీల గోడలు దాటి చేతులు మారుతూ ఔత్సాహికులకి చేరింది. వందలకొద్దీ పేజీలు, అన్నీ బొమ్మలూ సమీకరణాలూ. జర్మన్ ముక్క రానివాళ్లు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివారు. చదివితే తెలిసిందేమిటంటే, ఈ కారులో యాక్సిలరేటర్ తొక్కితే అది థ్రాటిల్‌ని నేరుగా తెరవదు. ఇంత టార్క్ కావాలని అర్జీ పెడుతుంది. కంప్యూటర్ దానికి ఎంత గాలి కావాలో లెక్కవేసి, పదిచోట్ల హద్దులు సరిచూసి అప్పుడు తెరుస్తుంది. టర్బో ఒత్తిడి పట్టిక ఒక్కటే పెంచితే ఇంకో పట్టిక కాలు పట్టి వెనక్కి లాగుతుంది. అన్నీ ఒకదానికొకటి పొసగేలా మార్చాలి. చివర్లో చెక్‌సమ్ కూడా సరిచేయాలి, లేకపోతే కంప్యూటర్ ఆ ఫైల్‌ని ఒప్పుకోదు.

బాష్ అనగానే నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొస్తుంది. అప్పట్లో ఆ పేరు మనకి తెలియదు, మైకో అనేవాళ్లం. బాష్ వాళ్ల బెంగళూరు కంపెనీ అది, 2008లోగానీ పేరు మారలేదు. మా మేనమామకి లారీ ఉండేది. సెలవుల్లో ఆయన వెంట వెళ్తే ఎక్కువసేపు గడిచేది డీజిల్ పంపు షెడ్డులోనే. మిగతా షెడ్లలా గ్రీజు కంపు, సుత్తి దెబ్బలు ఉండవు. తలుపు వేసి ఉంటుంది, దుమ్ము రాకూడదు. పంపుని బెంచి మీద బిగించి మోటారుతో తిప్పుతారు. ఆరు నాజిళ్ల నుంచి ఆరు గాజు గొట్టాల్లోకి నూనె పడుతుంది. ఆరింటిలోనూ మట్టం ఒకటయ్యేదాకా మిస్త్రీ కదిలేవాడు కాదు. ఒక గొట్టంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా మళ్లీ విప్పేవాడు.

పంపు వెనకాల ఒక స్క్రూ ఉంటుంది. పూర్తిగా తొక్కినప్పుడు ఎంత డీజిల్ వెళ్లాలో అది తేలుస్తుంది. దానికి తీగ చుట్టి సీసం సీలు వేసి ఉంటుంది. "దోర్నాల ఘాటులో లోడు మీద బండి ఈడవట్లేదు మిస్త్రీ, కాస్త పికప్ పెంచు" అన్నాడు మా మామయ్య ఒకసారి. "పెంచడం ఎంతసేపు బాబాయ్! నల్లపొగ కక్కుతుంది, పిస్టన్ తల కరుగుతుంది. ముందు నాజిళ్లు చూడనీ" అన్నాడతను. చూస్తే రెండు నాజిళ్లు కారుతున్నాయి. అవి మార్చి, మట్టాలు సరిచేసి, స్క్రూ ఎక్కడుండాలో అక్కడే ఉంచి, కొత్త తీగ చుట్టి సీలు వేశాడు. సీలు నొక్కే శ్రావణం మీద ఆ షెడ్డు గుర్తు చెక్కి ఉండేది. రోడ్డు మీద ఏ ఇన్‌స్పెక్టరు చూసినా ఆ పంపు ఎవరు కట్టారో తెలుస్తుంది. సీలు లేని పంపులు కట్టే షెడ్లూ అదే వీధిలో ఉండేవి. ఆ బళ్లు ముందు పోతుంటే వెనకవాళ్లు అద్దాలు ఎత్తుకునేవాళ్లు.

ఇప్పుడు మళ్లీ కంప్యూటర్ల సంగతి. 2015 జులైలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అక్కడి కాపీరైట్ కార్యాలయానికి ఒక లేఖ రాసింది. కారు యజమానులకి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ తెరిచే హక్కు ఇవ్వొద్దని, ఇస్తే పొగ పెంచే మార్పులు చేస్తారని దాని సారాంశం. రెండు నెలలు తిరిగాయి. సెప్టెంబరు 18న అదే ఈపీఏ, ఫోక్స్‌వాగన్ తన డీజిల్ కార్ల సాఫ్ట్‌వేర్‌లో మోసం దాచిందని ప్రకటించాల్సి వచ్చింది. అమెరికాలో దాదాపు 4.8 లక్షల కార్లు, ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షలు. ఆ డిసెంబరులో ఫెలిక్స్ డోమ్కే అనే జర్మన్ హ్యాకర్ హాంబర్గ్ సభలో ఆ కోడ్ విప్పి చూపించాడు. ఎంత సమయంలో ఎంత దూరం నడిచిందో కంప్యూటర్ చూస్తుంది. అది పరీక్షగదిలో నడిపే తీరుకి సరిపోతేనే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించే యూరియా సరిగ్గా చిమ్ముతుంది, లేకపోతే తగ్గించేస్తుంది. 2017లో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే పని వందల ఫైళ్ల మీద చేశారు. వాళ్లకి ఆధారమైన బాష్ పత్రాలు ట్యూనింగ్ పిచ్చివాళ్ల మధ్య తిరిగిన పత్రాలే. 2015 అక్టోబరులో అమెరికా కారు యజమానులకి ఆ తెరిచే హక్కు ఇచ్చింది కూడా, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది.

నా పాత పాట ఇక్కడితో గెలిచిందనాలి. అనలేకపోతున్నాను. 2020లో ఈపీఏ ఇంకో లెక్క బయటపెట్టింది. అంతకు ముందు పదేళ్లలో అమెరికాలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో పొగ అదుపు చేసే ఏర్పాట్లు తీసేశారు. అవి లేకుండా ఇంజిన్ నడవాలంటే సాఫ్ట్‌వేర్ మార్చక తప్పదు. ఆ బళ్లు జీవితకాలంలో అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 5.7 లక్షల టన్నులని అంచనా. అక్కడ ఫోక్స్‌వాగన్ కార్లలో మోసం ఉందని మొదట ప్రకటించిన లెక్కకంటే ఇవే ఎక్కువ. అంటే ఆ జులై లేఖలో భయం నిజమే. ఊపిరితిత్తులకి కంపెనీ పొగ, కుర్రాడి పొగ అని తేడా తెలియదు.

అందుకని చదవడమూ రాయడమూ రెండు వేరు వేరు హక్కులంటాను. చదవడానికి అడ్డు ఉండకూడదు, ఎవరైనా ఏ బండి కోడైనా విప్పి చూడొచ్చు. రేసు ట్రాక్ మీద నడిపే బండిలో రాసుకోవడం కూడా వాళ్ల ఇష్టం. రోడ్డు మీదికొచ్చే బండిలో రాస్తే మాత్రం సీలు ఉండాలి, దాని మీద రాసినవాడి గుర్తు ఉండాలి. సీళ్లు తెంచమని ఇన్నేళ్లు రాసిన చేత్తోనే ఈ మాట రాస్తున్నాను.

ఇది జరగని పని కాదు. కాలిఫోర్నియాలో 2021 జులై నుంచి పొగ తనిఖీకి వెళ్లిన కారు కంప్యూటర్‌ని అడిగి సాఫ్ట్‌వేర్ గుర్తింపు సంఖ్య తీసుకుంటున్నారు. అది కంపెనీదైనా కావాలి, రాష్ట్ర వాయు సంస్థ పరీక్షించి ఒప్పుకున్న ట్యూనర్‌దైనా కావాలి. రెండూ కాకపోతే బండి తప్పినట్టే. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ మొదట చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చొద్దంటుంది. హైదరాబాద్‌లో ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చే (రీమ్యాప్) షాపులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాను డీజిల్ బండి గొట్టంలో పొగ నలుపు కొలుస్తుంది తప్ప నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి పోదు, సాఫ్ట్‌వేర్ వైపు చూడదు. శ్రద్ధగా పనిచేసే ట్యూనర్‌కి తన ఫైల్ తీసుకెళ్లి పరీక్ష చేయించి నంబరు వేయించుకునే దారి లేదు. శ్రద్ధ లేనివాడిని పట్టుకునే దారీ లేదు. పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐకి ఆ దారి వేయగల పరికరాలున్నాయి. 2015లో ఫోక్స్‌వాగన్ కార్లని మన రోడ్ల మీద నడిపి కొలిచింది వాళ్లే. ఆ తర్వాతే ఆ కంపెనీ మన దేశంలో 3,23,700 కార్లు వెనక్కి పిలుస్తానని ఒప్పుకుంది.