కరిచే బూటు గట్టి బూటు కాదు

హిమాలయాల్లో నాలుగైదు రోజుల ట్రెక్‌కి పేరిచ్చి, హైదరాబాద్‌లోనో విశాఖలోనో బూట్లు కొనబోయేవారికి షాపులో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘కొత్తలో కాస్త కరుస్తాయి సార్, నాలుగు రోజులు వాడితే సర్దుకుంటాయి.’ ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. కొండకు గట్టి బూటు కావాలి, గట్టిదంటే బిరుసుగా బరువుగానే ఉంటుంది, కాబట్టి మన్నిక కావాలంటే సుఖం కొంత వదులుకోక తప్పదు అని. ఈ లెక్క తప్పని నా వాదన. కాలికి హాయిగా ఉండటమే బూటు మన్నికకు మొదటి షరతు. తోలు వాడేకొద్దీ మెత్తబడే మాట నిజమే. మడమ దగ్గరి బిరుసు తగ్గుతుంది, చీలమండ చుట్టూ ఉన్న భాగం కాలి కదలికకు అలవాటు పడుతుంది. కానీ పొడవు పెరగదు. వేళ్ల చుట్టూ రబ్బరు అంచు బిగించిన కొండ బూటులో వెడల్పూ పెరిగేది అంతంతమాత్రం. పైగా ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు నైలాన్ నేత మీద నీళ్లు చొరనివ్వని పొర అతికించినవి. అవి తోలులా సాగవు.

ఈ చిక్కు మనవాళ్లకు మరీ ఎక్కువ. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలు కొలిచింది. సగటున మన పాదం యూరప్, అమెరికా వాళ్ల పాదం కన్నా వెడల్పని తేలింది. దాని ఆధారంగా ‘భా’ అనే కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. మనం కొనే బూట్ల మీద కనిపించేవి మాత్రం ఎక్కువగా బ్రిటిష్ నంబర్లే. ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అదీ పొడవులో. వెడల్పు సంగతి డబ్బా మీద అరుదుగా ఉంటుంది. అందుకే ఇరుకనిపిస్తే చాలామంది ఒక నంబరు పెంచి తీసుకుంటారు. దాంతో వెడల్పు కొద్దిగా దొరుకుతుంది గానీ మడమ వదులవుతుంది. ఎక్కేటప్పుడు మడమ లేచి లేచి రుద్దుకుని పొక్కుతుంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి, బొటనవేలు బూటు కొసకు కొట్టుకుని గోరు నల్లబడుతుంది.

అసలు బూటెందుకు, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్త కాళ్లతో ఎక్కేవాళ్లు లేరా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మణిపాల్ వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలు పరీక్షించి 1992లో ప్రచురించిన అధ్యయనంలో, చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి చదును పాదాలుంటే, వేసుకోనివారిలో 2.8 శాతానికే ఉన్నాయి. ఉత్త కాలికి తనదైన బలం ఉంది, కాదనలేం. కానీ తిరుమల దారి కట్టిన మెట్ల దారి; వీపున పది కిలోల సంచి ఉండదు, కాలి కింద మంచు ఉండదు, అడుగేస్తే కదిలిపోయే రాళ్లుండవు. అవన్నీ ఉన్నచోట పాదానికి రక్షణ కావాలి. ఆ అంకెల నుంచి నేను తీసుకునేది వేరు: బూటు లోపల కూడా వేళ్లు విచ్చుకునే చోటుండాలి.

ఆ చోటు ఉందో లేదో షాపులోనే తేల్చుకోవచ్చు. బూటు లోపలి ఇన్‌సోల్‌ని బయటికి లాగి నేల మీద పెట్టి, కొండకు వేసుకునే మందపాటి సాక్సులతోనే దాని మీద బరువంతా మోపి నిలబడాలి. మడమను వెనక అంచుకు సరిగ్గా పెట్టి చిటికెన వేలి వైపు చూడాలి. వేలు అంచు దాటి నేలను తాకిందంటే ఆ బూటు ఇరుకు, ఎన్నాళ్లు వాడినా ఇరుకే. ముందువైపు బొటనవేలికి అవతల ఒక వేలు వెడల్పు ఖాళీ మిగలాలి; రెండో వేలు పొడవున్నవాళ్లు దాని నుంచి చూసుకోవాలి. తర్వాత లేసులు బిగించి మెట్లు దిగి చూడాలి. ఎక్కడం కన్నా దిగడమే అసలు పరీక్ష. సాయంత్రం వెళ్లడం మేలు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. రెండు పాదాలూ సమానంగా ఉండేవాళ్లు తక్కువ కాబట్టి పెద్దదాన్ని బట్టే కొనాలి.

సరిపోని బూటుకు మంచి ఇన్‌సోలే మందన్న సలహా కూడా ఉంది. ఇన్‌సోల్ లోపలి జాగాను తింటుందే గానీ పెంచదు. కాస్త వదులున్న బూటుకు అది పనికొస్తుంది, ఇరుకు బూటును ఇంకా ఇరుకు చేస్తుంది. సరిపోయిన బూటులో మాత్రం దాని విలువ పెద్దది. ఖరీదైన బూట్లతో కూడా తరచుగా పల్చటి ఫోమ్ ముక్కే వస్తుంది. దాని బదులు మడమను చుట్టూ పట్టి, పాదం వంపు కింద గట్టిగా నిలిచేది వేస్తే మడమ పక్కలకు ఒరగడం తగ్గుతుంది. ఏది మంచిది? కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సైనికులకు ఆరు రకాల ఇన్‌సోళ్లు ఇచ్చి, హాయిగా ఉన్నదాన్ని ఎంచుకోమన్నారు. 2001లో వెలువడిన ఫలితాల ప్రకారం ఒక్కొక్కరు ఒక్కో రకం ఎంచుకున్నారు. ఇన్‌సోల్ లేనివారితో పోలిస్తే వీరికి నొప్పులు, గాయాలు తగ్గాయి. అంటే హాయి అనేది నమ్మదగ్గ సాక్ష్యమే. అయితే షాపులో కూర్చుని నొక్కి చూసిన మెత్తదనాన్ని హాయి అనుకోకూడదు. సంచి వీపున వేసుకుని గంటో రెండు గంటలో నడిచాక అరికాలు ఏం చెబుతుందో అదే లెక్క.

చీలమండ దాటిన ఎత్తు బూటైతే తప్ప కాలు మెలికపడుతుందన్న భయం ఒకటి మిగిలింది. 1993లో అమెరికాలో 622 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఎత్తు బూట్లకూ పొట్టి బూట్లకూ మెలికల్లో తేడా కనిపించలేదు. ఆట కోర్టూ కొండవాలూ ఒకటి కావని ఒప్పుకుంటాను. మంచులో, జలగలున్న అడవిలో ఎత్తు బూటు అవసరమే. కానీ బరువుకు మూల్యం ఉంది. కాలికి కట్టిన బరువును మోయడానికి, అదే బరువు మొండెం మీద ఉన్నప్పటి కన్నా నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుందని అమెరికా సైన్య పరిశోధకులు 1969లోనే కొలిచి చెప్పారు. బరువైన బూటు తనంతట తాను ఎక్కువకాలం మన్నేదీ కాదు. ఇరుకు బూటు చిటికెన వేలి మొదట్లో కుట్టు విడిచి పగులుతుంది. నంబరు పెంచి కొన్నది పాదం వంగే చోట కాక వేరే చోట వంగి, అక్కడ సోల్ ఊడుతుంది. పాదం ఒదిగిన బూటుకు ముందుగా అరిగేది అడుగు సోల్. కొన్ని రకాలకు దాన్ని మార్పించుకోవచ్చు. కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

వాడకుండా దాచిన బూటు కూడా పాడవుతుందని చాలామందికి తెలియదు. పాలియురెథేన్‌తో చేసిన మధ్య సోల్‌ను గాలిలోని తేమే కొన్నేళ్లలో లోపల్లోపల తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద పెట్టినవి పైకి కొత్తవాటిలాగే ఉండి, ట్రెక్ తొలిరోజే పొడిపొడిగా రాలిపోవచ్చు. గాలాడే చోట, నీడన పెట్టాలి. ప్రయాణానికి నెల ముందే బయటికి తీసి మధ్య సోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి, బూటును వంచి చూడాలి. బీటలు కనిపిస్తే కొత్త జత కొనడానికీ, దాంతో ఊళ్లోని కొండో గుట్టో పదిసార్లు ఎక్కి దిగడానికీ అప్పటికింకా వ్యవధి ఉంటుంది.