మ్యాటీ గుడ్డ మీద గునుగుపూలు

క్రాస్ స్టిచ్ పటాన్ని ముందు నుంచి చూసి మెచ్చుకునేవాళ్లు చాలామందే. పని తెలిసినవాళ్లు మాత్రం ఫ్రేము కట్టకముందే గుడ్డ తిరగేసి చూస్తారు. ముడి తగిలిందా, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం గెంతిందా, అక్కడే బయటపడుతుంది. సికింద్రాబాద్ మెట్టుగూడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ కుట్టిన దసరా పూల పటాన్ని అలా తిరగేసి చూశాను. వెనకంతా నిలువు గీతలు బారులు తీరి ఉన్నాయి, ఒక్క ముడి లేదు. ఎంత పొగిడినా తక్కువే.

ఆ పటంలో గునుగును చూసి తీరాలి. అసలు పువ్వు కొస గులాబీ రంగులో ఉండి, కిందికి వచ్చేకొద్దీ తెల్లబడుతుంది. ఆవిడ వాడినవి రెండే లచ్చీలు. అడుగున రెండు తెల్ల పోగులు, కొసన రెండు గులాబీ పోగులు. మధ్యలో ఒకే సూదికి ఒక తెల్ల పోగు, ఒక గులాబీ పోగు కలిపి ఎక్కించారు. రంగు ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం! తంగేడు రేకలకు కూడా నల్ల అంచు గీయలేదు. మధ్యలో కేసరాలకు మాత్రం ఒంటి పోగుతో నాలుగు గోధుమరంగు కుట్లు. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది.

సామాను గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జనరల్ బజార్ సందుల్లో మ్యాటీ క్లాత్, యాంకర్ దారం, మొన మొద్దుగా ఉండే సూది దొరుకుతాయి. గుడ్డ అంగుళానికి 14 గళ్లది తీసుకోండి. లచ్చిలో 8 మీటర్ల దారం, 6 పోగులు ఉంటాయి, అందులో 2 పోగులే ఎక్కించాలి. వెడల్పు 140 గళ్లు, ఎత్తు 98 గళ్లు ఉన్న బొమ్మ 10 అంగుళాలకు 7 అంగుళాలు వస్తుంది. చుట్టూ 3 అంగుళాలు వదలకపోతే ఫ్రేము దగ్గర ఏడవాల్సి వస్తుంది. గుడ్డను నాలుగు మడతలు వేసి నడిమి గడి నుంచి మొదలుపెట్టాలి. ఇంటూ గుర్తులా వేసే కుట్లలో పైవన్నీ ఒకే వైపు వాలాలి. ఒక్కటి అటు తిరిగినా వెలుగు పడినప్పుడు అక్కడ మచ్చలా కనిపిస్తుంది.

కంటోన్మెంట్ ఇళ్లకూ, లాలాగూడ రైల్వే క్వార్టర్లకూ ఈ పని కాన్వెంటు బడుల కుట్టు పీరియడ్ల నుంచి వచ్చిందంటారు. కావచ్చు. కానీ పోగులు లెక్కపెట్టి కుట్టడం మన పక్కవాళ్లకు ఎప్పటినుంచో ఉన్న విద్యే. కర్ణాటక కసూతిలో మెంతి కుట్టంటే ఈ ఇంటూ గుర్తే. అందులోనే గవంతి, ముర్గి కుట్లు ముడి లేకుండా రెండు వైపులా ఒకేలా వస్తాయి. డెన్మార్క్‌లో గెర్డా బెంగ్ట్‌సన్ తన నేల మీది అడవి పూలనూ, గడ్డి మొక్కలనూ గళ్లలోకి దించింది. ఆమె కుట్టిన మొక్కను చూసి అది ఏ మొక్కో చెప్పొచ్చు.

మరి మనం చేస్తున్నదేమిటి? శరదృతువు పేరు చెప్పి మేపుల్ ఆకులు, గుమ్మడికాయల కిట్లు తెప్పించుకుంటున్నాం. మన ఆశ్వయుజంలో మేపుల్ ఎక్కడిది? ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఊరంతా తంగేడు, గునుగు, బంతి. చెరువు గట్టున రెల్లు. ఇన్ని ఉండగా అరువు ఆకులెందుకు? పైగా ఆ కిట్లు కొన్నింటిలో గుడ్డ మీదే గుర్తులు అచ్చేసి ఉంటాయి. లెక్కపెట్టేదే లేదు, గుర్తు మీద దారం నింపుకుంటూ పోవడమే. దాన్ని నేను క్రాస్ స్టిచ్ అనను. కుట్టిన బొమ్మను ఫొటో తీసి, గుడ్డ మీద ప్రింటు కొట్టి, అద్దం బిగించి చేతిపని పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు. అది పచ్చి మోసం. నెలల తరబడి కళ్లు పెట్టి కుట్టిన మనిషి నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

ఫ్రేము దగ్గర జరిగే ఘోరం ఇంకొకటి. నేనిచ్చిన ఒక రెల్లుపూల బొమ్మను ఫ్రేములు కట్టే కొట్టులో అట్టకు జిగురు పూసి అంటించేశారు. రెండు వానాకాలాలకు గుడ్డ మీద పసుపు మరకలు తేలాయి. జిగురు తగలనివ్వకూడదు. ముందు బొమ్మను చన్నీళ్లలో మెత్తటి సబ్బుతో జాడించాలి, పిండకూడదు. తువ్వాలులో చుట్టి తడి లాగి, మందపాటి తువ్వాలు మీద బోర్లా పరిచి ఇస్త్రీ చేయాలి. మంచి అట్ట మీద పరిచి, అంచు వెంట ఒకే గళ్ల వరస నేరుగా వెళ్తోందో లేదో చూస్తూ నడిమి నుంచి మూలలకు గుండుసూదులు గుచ్చాలి. తర్వాత గట్టి దారంతో వెనక అంచుకూ అంచుకూ లాగి కుట్టేయాలి. అద్దం కుట్టును తాకకుండా మధ్యలో మౌంట్ పెట్టించండి. మన వానలకు చెమ్మ ఊరే గోడ మీద మాత్రం తగిలించొద్దు.

కుట్టు నేర్పే టీచరమ్మలకు నా విన్నపం ఒక్కటే. ఈ దసరా సెలవుల్లో పిల్లలకు కిట్టు కొనిపించకండి. గళ్ల కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి, ఎదురుగా ఒక గునుగు కాడ పెట్టండి. వాళ్లు చూసి గళ్లు నింపనివ్వండి. మొదటి బొమ్మకు 30 గళ్ల ఎత్తు, మూడు లచ్చీలు చాలు: తెలుపు, గులాబీ, ఆకుపచ్చ.