అవతలి కొసన ఎవరు?

శివరాత్రి జాతర నాడు పాలకుర్తి సోమేశ్వరాలయం గుట్ట కింద వందల మంది ఒక్కసారే ఫోన్లు తీశారనుకుందాం. ఒకరు కొబ్బరికాయకు ఫోన్‌పే కొడతారు, ఇంకొకరు జనగామ బస్సు వేళ వెతుకుతారు. అవతలి సర్వర్‌కు వీళ్ల మొహాలు తెలియవు. కనెక్షన్ ఎక్కణ్నుంచి వచ్చిందో కెర్నెల్‌ను అడగడానికి దానికి గెట్‌పీర్‌నేమ్ అనే ఫంక్షన్ ఉంది.

1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చిన సాకెట్ కాల్స్‌లో ఇదొకటి. కనెక్షన్ అందుకునే యాక్సెప్టే అవతలి అడ్రస్ ఇస్తుంది కదా, మళ్లీ ఇదెందుకు? ఐనెట్‌డీ అనే యూనిక్స్ ప్రోగ్రామ్ పద్ధతి చూస్తే తెలుస్తుంది. కనెక్షన్ అందుకున్న ప్రోగ్రామ్ తన నకలుగా ఇంకో ప్రాసెస్‌ను పుట్టించి, అందులో వేరే ప్రోగ్రామ్‌ను ఎక్కిస్తుంది. పాత మెమరీ పోతుంది, రాసిపెట్టుకున్న అడ్రసూ పోతుంది, సాకెట్ మాత్రం మిగులుతుంది. కొత్తగా వచ్చినవాడికి గెట్‌పీర్‌నేమే దిక్కు.

వాడకం సులువే, తిప్పలూ ఉన్నాయి. అడ్రస్ నింపే జాగా ఎన్ని బైట్లో ముందే చెప్పాలి. ఆ సంఖ్య పెట్టే వేరియబుల్‌ను ఖాళీగా వదిలేస్తే ఏ చెత్త వస్తుందో చెప్పలేం. ఐపీవీ6కూ సరిపోయే పెద్ద స్ట్రక్చర్ పెట్టుకోవడం మేలు. పోర్ట్ నంబర్ నెట్‌వర్క్ బైట్ వరుసలో వస్తుంది కాబట్టి, తిప్పకుండా ప్రింట్ చేస్తే మన మామూలు కంప్యూటర్లలో 50000 కాస్తా 20675గా కనబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి సగం రోజు బుర్ర గోక్కుంటారు. అడిగేలోపే అవతలివాడు తెంచుకుపోతే, కనెక్షనే లేదన్న ఎర్రర్ రావచ్చు.

ఇంతా చేసి చేతికొచ్చిన అడ్రస్ పాలకుర్తిది అవుతుందా? చాలాసార్లు కాదు. ఐపీవీ4 అడ్రస్‌లు చాలక, మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ను ఎందరికో పంచుతాయి. ఇలాంటి నెట్‌వర్క్‌ల లోపలి వాడకానికే 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ప్రత్యేకంగా 41,94,304 అడ్రస్‌లు కేటాయించింది. సర్వర్‌కు కనిపించేది కంపెనీ గేట్‌వే. లొకేషన్ వెతికితే హైదరాబాద్ అనో, ఇంకెక్కడో అనో వస్తుంది. ఒకడు తప్పుడు పాస్‌వర్డ్‌లు కొట్టాడని ఆ అడ్రస్‌ను బ్లాక్ చేస్తే, జాతరలో అతని పక్కనున్నవాళ్లకూ తలుపు మూసినట్టే. అడ్రస్ ఒక్కటే చూసి మనిషిని తేల్చే కోడ్‌ను రివ్యూలో వెనక్కి పంపాల్సిందే.

2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6302 అందుకే అడ్రస్‌తో పాటు సోర్స్ పోర్ట్‌నూ, కచ్చితమైన సమయాన్నీ లాగ్‌లో రాయమంది. మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు దాచమన్నాయి. పోర్ట్ లేని లాగ్‌ను 180 రోజులు దాచినా, ఒకే అడ్రస్ వెనకున్న వందల మందిలో ఎవరో దానితో తేలదు.

ఇంకో చిక్కూ ఉంది. వెబ్ సర్వర్ ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటే గెట్‌పీర్‌నేమ్ సాధారణంగా దాని అడ్రసే చెబుతుంది. అప్పుడు అసలు క్లయింట్ అడ్రస్ సాధారణంగా ఎక్స్‌-ఫార్వర్డెడ్‌-ఫర్ హెడర్‌లో వస్తుంది. ఆ హెడర్‌లో ఎవడైనా ఏదైనా రాసి పంపొచ్చు. అందుకే ముందు గెట్‌పీర్‌నేమ్‌తో అవతలున్నది మన బ్యాలెన్సరేనా అని చూసి, అయితేనే హెడర్ చదవాలి.