దీర్ఘవ్యాధి, వ్యక్తిత్వం, సామాజిక మద్దతు : ఇద్దరు తెలుగు కవులు

దీర్ఘవ్యాధికి లోనైన కవుల గురించి రాసేటప్పుడు తెలుగు విమర్శ తరచుగా ‘మనోనిబ్బరం’ అనే మాట దగ్గర ఆగిపోతుంది. నిబ్బరం వ్యక్తిత్వ లక్షణం. దాన్ని నిలబెట్టిన మనుషులు, వృత్తి, రాబడి ఆ మాటలో కనిపించవు. లాజరస్, ఫోక్‌మన్‌లు 1984లో వివరించిన సిద్ధాంతం ప్రకారం మనిషి తన కష్టాన్ని అంచనా కట్టేటప్పుడు దాన్ని ఎదుర్కోవడానికి తనకున్న వనరులనూ లెక్కించుకుంటాడు. ఆ వనరుల్లో స్వభావంతోపాటు చుట్టూ ఉన్నవారూ ఉంటారు. ఈ దృష్టితో చూసినప్పుడు దేవులపల్లి కృష్ణశాస్త్రి, అలిశెట్టి ప్రభాకర్‌ల జీవితాలు ‘నిబ్బరం’ అనే ఒకే పేరు కింద ఇమడవు.

కృష్ణశాస్త్రి వక్తగానూ ప్రసిద్ధులు. 1960వ దశకంలో గొంతు క్యాన్సర్ ఆయన మాటను హరించింది. 1980లో మరణించేదాకా కాగితంపై రాసి సంభాషించారు. ‘కృష్ణపక్షం’ (1925)లో దుఃఖాన్నే తన లోకంగా చేసుకున్న ‘నేను’ను బట్టి కవి స్వభావాన్ని ఊహించినవారు ఈ దెబ్బకు ఆయన పూర్తిగా కుంగిపోతారనే అనుకుంటారు. కానీ ‘ఉండమ్మా బొట్టు పెడతా’ (1968), ‘సీతామాలక్ష్మి’ (1978), ‘గోరింటాకు’ (1979) చిత్రాలకు ఆయన రాసిన పాటలు ఈ మౌనకాలానివే. కావ్యంలోని ‘నేను’ కవి స్వభావానికి నమ్మదగిన సాక్ష్యం కాదు.

ఇక్కడ గమనించవలసింది సినిమా పాట తయారయ్యే తీరు. అది ఒక్కరి వల్ల పూర్తికాదు. దర్శకుడు సన్నివేశం చెప్పాలి, సంగీత దర్శకుడు బాణీ కట్టాలి, గాయకులు పాడాలి. పలకలేని కవి రాసిన మాటను పలకడం ఇతరుల పని. కె.వి. మహదేవన్ బాణీ, పి. సుశీల గొంతు ఆయనకు ఓదార్పుగా దొరికినవి కావు. ఆయన పాట వారికి అవసరమైంది. జాలితో అందే మద్దతులో ఈ గుణం ఉండదు, పని అడిగే మద్దతులోనే ఉంటుంది. అయితే ‘సుఖదుఃఖాలు’ చిత్రగీతంలో వేళకు ముందే గొంతెత్తిన కోయిలలో కవి పోగొట్టుకున్న గొంతును వెదకడం అతివ్యాఖ్యే. ఆ కోయిల కథలోని పాత్రకు చెందినది.

అలిశెట్టి ప్రభాకర్ (1954–1993)కు ఇటువంటి ఆసరా లేదు. జగిత్యాల, కరీంనగర్, హైదరాబాదుల్లో ఫోటో స్టూడియోలు నడిపి బతికిన ఆయన క్షయవ్యాధితో 39 ఏళ్లకే మరణించారు. ‘సిటీ లైఫ్’ మినీ కవితలు ఆంధ్రజ్యోతిలో వరుసగా వెలువడి విస్తృతంగా పాఠకులకు చేరాయి. వ్యాధి ముదిరినా ఆయన కలం ఆగలేదు. స్వభావ బలానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. కానీ క్షయ నెలల తరబడి క్రమం తప్పని మందులు, మంచి తిండి, విశ్రాంతి కోరే జబ్బు. సామాజిక మద్దతును విభజించిన హౌస్ (1981) ఆత్మీయతను ఒక రకంగా, డబ్బు, శ్రమ వంటి ప్రత్యక్ష సహాయాన్ని మరో రకంగా చూపారు. పాఠకుల అభిమానం మొదటి కోవకు చెందుతుంది. అది ఇంటి అద్దెగా మారదు.

‘రోగాన్ని లెక్కచేయని కవి’ అనే ప్రశంస ఈ తేడాను చెరిపేస్తుంది. ఆ లెక్కచేయనితనంలో స్వభావమెంత, గత్యంతరం లేకపోవడమెంత అని అది అడగదు. స్టూడియో తలుపు తెరవని రోజున రాబడి లేని మనిషికి వైద్యులు చెప్పే విశ్రాంతి ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకూ అందులో చోటు లేదు.